బిగువునకు మితి గలదు

సైకిలు ఒక్క దినమున చెడునది కాదు. ముందుగా ఒక నట్టు వదులగును. అది తన ప్రక్క భాగమును అరుగజేయును. విరుగుట తుది దశ. కావున వారమునకొకమారు పది నిమిషములు వెచ్చించి నట్లను, బోల్టులను పరీక్షించువానికి దారిలో దిగి నడువవలసిన అగత్యము అరుదు.

నట్టు ఏల వదులగును? బిగించిన బోల్టు కొంచెము సాగి, ఆ సాగుడుచేతనే రెండు భాగములను అదిమి పట్టును. ఉదయగిరి దుర్గము చుట్టునున్న పల్లెల కంకర దారులలోను, ఆత్మకూరు ప్రాంతపు మట్టి బాటలలోను కలుగు అదురు ఆ పట్టును క్రమముగా సడలించును. క్యారియరుపై పాల క్యానో, ధాన్యపు మూటయో, బడికి పోవు బిడ్డయో ఉన్నచో ఆ సడలింపు మరింత త్వరగా జరుగును.

పరీక్షకు ఒక క్రమము గలదు. మొదట సైకిలును నాలుగు వ్రేళ్ల యెత్తు లేపి వదలవలెను. గలగలమను శబ్దము వచ్చిన చోట ఏదో వదులైనదని గ్రహింపవలెను. పిదప ముందు చక్రమును మోకాళ్ల నడుమ అదిమిపట్టి హ్యాండిలును త్రిప్పి చూడవలెను. చక్రము కదలక హ్యాండిలు మాత్రమే తిరిగినచో దాని బోల్టు బిగింపవలెను. ఇరుసు నట్లను ఒక ప్రక్క పూర్తిగా బిగించి రెండవ ప్రక్కకు పోరాదు. ఇరుప్రక్కల మార్చి మార్చి బిగించిననే చక్రము నడుమ నిలుచును. వెనుక ఇరుసు వదులైనచో చక్రము ఒరిగి చైను జారును.

పెడళ్ల విషయమున జాగ్రత్త వలయును. కుడి పెడలునకు మామూలు మర, ఎడమ పెడలునకు ఎదురు మర యుండును. తొక్కునపుడు అవి ఊడిపోకుండుటకే ఈ యేర్పాటు. స్పానరును నిలువుగా పైకి నిలిపి ముందు చక్రము వైపునకు త్రోసినచో రెండును బిగియును.

క్రాంకు తిరిగినపుడెల్ల టక్కుమను చప్పుడు వచ్చినచో కాటరు పిన్ను సడలినదన్నమాట. పిన్నును సుత్తితో మెల్లగా కొట్టి దిగవేసి, ఆపైన నట్టు బిగింపవలెను. నట్టు బలముతోనే పిన్నును లాగబూనినచో మర తెగును.

బలమున్నదని బిగించుట నేర్పు కాదు. చిన్న నట్టునకు చిన్న స్పానరు, మణికట్టు బలము చాలును. వదులైన నట్టును తిరిగి బిగింపవచ్చును. తెగిన మరను బిగించు స్పానరు లేదు.

అన్నియు ముగిసిన పిదప సైకిలును నాలుగడుగులు నడిపించి, రెండు బ్రేకులు పట్టి చూచి, ఆ మీదటనే బిడ్డను క్యారియరుపై కూర్చుండబెట్టవలెను.