ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు
(తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల కోసం)

పిల్లలూ,

మీలో కొందరికి ఇది మూడో బడి, కొందరికి నాలుగోది. మాకూ బదిలీలు కొత్త కాదు. ప్రస్తుతం మేము సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఉంటున్నాం. ఇల్లు దాటగానే చీరల మూటలు ఎత్తుకున్న టెంపోలు కనిపిస్తాయి. గుజరాతీ, హిందీ మాటల మధ్య నుంచి తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఈ చుట్టుపక్కల పేటల్లో చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది.

ఈసారి పాఠం ఇంగ్లీషు చదువు గురించి. తెలుగు మాష్టారికి ఇంగ్లీషుతో పనేమిటని అడగవచ్చు. ఒక సంగతి చెబుతాం, మీకే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి పద్యపఠన పోటీకి సరోజినీ నాయుడు రాసిన ‘ఇండియన్ వీవర్స్’ సాధన చేస్తోంది. వాళ్ళ నాన్నగారిది రైల్వే ఉద్యోగం. పద్యం తప్పు లేకుండా అప్పజెప్పింది. అర్థం అడిగితే, నేతగాళ్ళు మానవ జీవిత దశలకు ప్రతీకలని గైడులో ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని ఒక్క ఊపిరిలో చెప్పింది. “సరే, మూడో బట్ట తెల్లగా ఎందుకుంది?” అన్నాం. మాట్లాడలేదు. “తెలుగులో చెప్పమ్మా” అన్నాం.

“తెలుగులో చెప్తే మార్కులు రావు కద సార్” అంది. కాసేపటికి తనే మళ్ళీ చెప్పింది: “మా తాతది సిరిసిల్ల. మగ్గం నేస్తుండె. ఆయన చనిపోయినప్పుడు తెల్లగుడ్డ కప్పిండ్రు.”

పద్యం ఆమెకు ముందే తెలుసు. గైడు అడ్డం వచ్చిందంతే. అందులో మా తప్పూ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము కూడా, ఇంగ్లీషు బాగుపడాలంటే తెలుగులో ఆలోచించడం మానుకోండి అని పిల్లలకు చెప్పేవాళ్ళం. ఇప్పుడు అలా చెప్పం. ఎందుకో ఈ పద్యంతోనే చూద్దాం.

1. ప్రశ్న ఎక్కడ మారింది?

పద్యం చిన్నది. మూడు చరణాలు, పన్నెండు పాదాలు. తెల్లవారుతుండగా నేతగాళ్ళు నీలిరంగు బట్ట నేస్తున్నారు. లకుముకి పిట్ట రెక్క రంగు అది. పుట్టిన బిడ్డ కోసం. రాత్రి పడుతుండగా నెమలి ఈకల రంగుల్లో నేస్తున్నారు. రాణి పెళ్ళి మేలిముసుగు కోసం. చివరికి చల్లని వెన్నెల్లో తెల్లని బట్ట. చనిపోయినవాడి మీద కప్పడానికి.

ఇంతవరకు గైడులోనూ ఉంటుంది. ఇప్పుడు ప్రశ్నలు చూడండి. మొదటి రెండు చరణాల్లో అడిగేవారు ‘ఎందుకు నేస్తున్నారు’ అంటారు. మూడో చరణంలో ‘ఏం నేస్తున్నారు’ అంటారు. ‘వై’ పోయి ‘వాట్’ వచ్చింది. మొదటి రెండుసార్లు బట్ట అందంగా ఉంది కాబట్టి కారణం అడిగారు. మూడోసారి అది ఏమిటో కూడా తెలియలేదా? తెలిసినా అడగడానికి భయపడ్డారా? మీ జవాబు ఏదైనా సరే, దానికి ఆధారం పద్యంలోంచి చూపించండి. సాహిత్యం ప్రశ్నకు జవాబు రాయడమంటే అదే. తెలుగులోకి మార్చి చదివినప్పుడే ఈ తేడా మా అమ్మాయి కంటబడింది. ‘ఎందుకు’, ‘ఏం’ అని పక్కపక్కన రాసుకుంటే దాగదు కదా.

2. మేమా, మనమా?

నేతగాళ్ళు ప్రతి జవాబులోనూ ‘వి’ అంటారు. దాన్ని తెలుగులో ఏమని రాస్తారు? ‘మేము నేస్తున్నాం’ అనా, ‘మనం నేస్తున్నాం’ అనా? ఇంగ్లీషుకు ఒక్క ‘వి’ చాలు. హిందీకి ‘హమ్’ చాలు. తెలుగులో మాత్రం తేల్చుకోవాలి. ఇక్కడ పుట్టి పెరిగిన మీ స్నేహితుల్ని అడగండి, గుజరాతీలోనూ ‘అమే’, ‘ఆపణే’ అని రెండున్నాయి.

ఇక్కడ ‘మేము’ అనే రావాలి. అడిగేవారు మగ్గం దగ్గర కూర్చున్నవారు కాదు, బయట నిలబడి చూస్తున్నవారు. ఆ గీత ఇంగ్లీషులో పైకి కనబడదు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ మూడు బట్టలూ అడిగేవారికి కూడా అవసరమయ్యేవే. అందుకని ‘మనం’ అనదగ్గ మాట ఏదో పద్యం అడుగున ఉందని మా అమ్మాయి వాదించింది. మేము ఒప్పుకున్నాం. అది ఏ గైడులోనూ లేని జవాబు.

3. మన క్రియలు చేసే మోసం

అనువాదం సాయమే కాదు, మోసం కూడా చేస్తుంది. ‘నాన్న రోజూ ఆఫీసుకు వెళ్తాడు’, ‘నాన్న రేపు ఆఫీసుకు వెళ్తాడు’. రెంటికీ మనకు ‘వెళ్తాడు’ ఒక్కటే. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషులో రోజూ చేసే పనికి కూడా ‘విల్ గో’ అని రాస్తారు. అక్కడ ‘గోస్’ ఉండాలి. తప్పు ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే దిద్దుకోవడం తేలిక.

అలాగే ‘నేస్తుండె’ చూడండి. ఇది పుస్తకాల తెలుగు కాదని ఆ అమ్మాయి సిగ్గుపడింది. పుస్తకంలో ‘నేసేవాడు’ అంటాం. రెంటి అర్థమూ ఒకటే: ఒకప్పుడు అలవాటుగా చేసిన పని, ఇప్పుడు లేదు. ఇంగ్లీషులో దానికి సరిగ్గా ‘యూజ్డ్ టు వీవ్’ సరిపోతుంది. ఇంటి మాట తెలిసినవారికి ఆ ప్రయోగం ఒకసారి చెబితే చాలు.

4. ఉత్తరం రాసేముందు

పరీక్షలో ఉత్తరం రాయమంటే చాలామంది కంఠస్థం చేసిన మర్యాద వాక్యాలతో సగం పేజీ నింపుతారు. విషయం మాత్రం రెండు ముక్కలే ఉంటుంది. ముందు ఎడమ పేజీలో తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోండి: ఎవరికి రాస్తున్నాం, ఏం జరిగింది, ఎవరికి ఇబ్బంది, ఏం చేయమంటున్నాం. ఉదాహరణకు, వానాకాలంలో మా వైపు ఖాడీ పొంగి వీధుల్లోకి నీళ్ళొస్తాయి. ‘చాలా ఇబ్బందిగా ఉంది’ అంటే సంపాదకుడికి ఏమీ తెలియదు. ‘నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి, పిల్లలు రెండు రోజులు బడికి పోలేదు’ అంటే తెలుస్తుంది. తరువాత కుడి పేజీలో ఇంగ్లీషులో రాయండి. అప్పుడు మాటమాటకూ అనువాదం చేయకండి. విషయం తెలుగులోంచి తీసుకోండి, వాక్యం మాత్రం ఇంగ్లీషు పద్ధతిలో కట్టండి.

5. ముందు నడిచినవారు

ఈ సూరత్‌కు 1608లో విలియం హాకిన్స్ అనే ఇంగ్లీషు నావికుడు హెక్టర్ అనే ఓడలో వచ్చాడు. తరువాత అతను జహంగీరు చక్రవర్తి దర్బారుకు వెళ్ళినప్పుడు మాట్లాడింది ఇంగ్లీషులో కాదు, టర్కీ భాషలో. పని కావాలంటే ఎదుటివారికి తెలిసిన భాష నేర్చుకోవాలని ఆయనకు తెలుసు. మనం ఇంగ్లీషు నేర్చుకునేదీ అందుకే.

గురజాడ అప్పారావుగారు మొదట ఇంగ్లీషులోనే కవిత్వం రాశారు. ఆయన ‘సారంగధర’ కావ్యం 1883లో ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. అది చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఆయన్ను మెచ్చుకుని, మాతృభాషలో రాయమని ప్రోత్సహించారు. తరువాత ‘కన్యాశుల్కం’ వచ్చింది. 1897లో అచ్చయిన ఆ తెలుగు నాటకానికి ఆయన పీఠిక ఇంగ్లీషులో రాశారు. రెండు భాషలూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

సరోజినీ నాయుడు 1879లో హైదరాబాదులో బెంగాలీ కుటుంబంలో పుట్టారు. పెళ్ళాడింది తెలుగు వైద్యుడు గోవిందరాజులు నాయుడిని. చదువుకు ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆమె పద్యాల్లో ఇంగ్లండు పక్షులే ఉండేవి. ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు, మీ దేశం గురించి రాయండి అని సలహా ఇచ్చాడు. 1905లో వచ్చిన ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’లో నేతగాళ్ళు, పల్లకీ బోయీలు, కోరమండల్ తీరపు జాలరులు ఉన్నారు. భాష ఇంగ్లీషే, మనుషులు మనవాళ్ళు.

6. పెట్టెలో పెట్టుకోవలసింది

పోటీలో మా అమ్మాయికి బహుమతి రాలేదు. ఏడాది ముగియకముందే వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వులొచ్చాయి. వెళ్ళే చోట తెలుగు చెప్పేవారు ఉంటారో లేదో తెలియదు. టి.సి. తీసుకునే రోజున నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఎడమ పేజీలో ‘మా తాత మగ్గం నేస్తుండె’ అని మొదలుపెట్టి పది వాక్యాలు, కుడి పేజీలో ఇంగ్లీషులో ఎనిమిది. “రెండు వాక్యాలు ఇంగ్లీషులోకి రాలేదు సార్” అంది. “ఉండనివ్వు, వచ్చినప్పుడు రాద్దువు” అన్నాం. ఆ రెండు వాక్యాల కోసమైనా ఆమె రెండు భాషలూ వదలదని మా నమ్మకం.

బదిలీల్లో మంచాలు, బీరువాలు లారీ ఎక్కుతాయి. ఈ నోటుబుక్కు మాత్రం మీ చేతిసంచిలో ఉండాలి.

చేసి చూడండి

అ) మీ పాఠ్యపుస్తకంలోని ఏదైనా ఒక ఇంగ్లీషు పద్యంలో ‘వి’ ఎక్కడుందో వెతకండి. అది మేమా, మనమా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.

ఆ) మీ తాతగారో అమ్మమ్మగారో చేసిన పని గురించి ఇంట్లో అడిగి, ఇంటి మాటల్లోనే ఐదు వాక్యాలు ఎడమ పేజీలో రాయండి. కుడి పేజీలో ఇంగ్లీషులో రాయండి. ఇంగ్లీషులోకి రాని మాట కింద గీత గీయండి.

ఇ) మీ వీధిలోని ఒక ఇబ్బంది గురించి పత్రిక సంపాదకుడికి ఇంగ్లీషులో ఉత్తరం రాయండి. మర్యాద వాక్యాలు రెండు మించకూడదు.