కింద నుంచి మొదలుపెట్టు తల్లీ

విశాఖపట్నం,
20 సెప్టెంబరు 2024

చిరంజీవి బుజ్జికి,


నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందాని కన్నా మింగేసిందే ఎక్కువని నాకు అర్థమైంది. అసోసియేషన్ సెక్రటరీవయ్యి మూడు నెలలు కాలేదు, బుడమేరు వాగు పొంగి మీ మీద పడింది. పైగా మూడు, నాలుగు అంతస్తుల వాళ్లు "మా ఇళ్లలోకి చుక్క నీరు రాలేదు, మేమెందుకు డబ్బు కట్టాలి" అంటున్నారన్నావు. నా మనసు అక్కడే ఆగిపోయింది. పదేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్లో ఇదే మాట తిరగేసి విన్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. మీ సెప్టెంబరు 1 కూడా ఆదివారమే. మీకు నీళ్లు కింద నుంచి వచ్చాయి, మాకు హుద్‌హుద్ తుఫాను పై నుంచి వచ్చింది. డాబా మీది నీళ్ల ట్యాంకులు ఎగిరి పక్క సందులో పడ్డాయి. ఐదో అంతస్తు కిటికీ అద్దాలు పగిలి, వాన అడ్డంగా ఇళ్లలోకి కొట్టింది. ఆ తర్వాత కూడా స్లాబు కారుతూనే ఉంది. మీటింగు పెడితే కింది వాళ్లు "డాబా మీ నెత్తి మీదుంది, మీరే చూసుకోండి" అన్నారు. రెండో అంతస్తులో ఉన్న నేను నోరు మెదపలేదు. పైన ఒంటరిగా ఉండే రిటైర్డు టీచరుగారు ఆరు నెలలు గదుల్లో బకెట్లు పెట్టుకుని గడిపి, వచ్చినకాడికి ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోయారు. సామాను దింపిస్తూ మెట్ల మీద ఎదురైతే ఆవిడే నాకు ముందు నమస్కారం పెట్టారు. అది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది తల్లీ.

మీ వాళ్లకి ముందు చట్టం చెప్పబోకు. ప్రభుత్వం మొన్న గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది కదా. ఇంట్లోకి నీళ్లు రాకపోయినా, కరెంటు లేక, తాగునీళ్లు లేక, పడవ కోసం బాల్కనీలో చేతులూపుతూ పై వాళ్లూ అల్లాడారు. మీటింగులో మొదటి మాట అదే చెప్పు. వాళ్ల కష్టం నువ్వు ఒప్పుకున్నాకే వాటా సంగతి ఎత్తు. అప్పటికీ వినకపోతే దస్తావేజులు తీయమను. 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం లిఫ్టు, మోటారు, మెట్లు, డాబా లాంటి వాటిలో ప్రతి ఫ్లాటుకీ విడదీయరాని వాటా ఉంటుంది. ఆ ఖర్చులోనూ ఉంటుంది.

ఇక పని సంగతి. అన్నిటికన్నా ముందు సంపు. తోడించి, గోడలు, అడుగు బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ వేసి కడిగించాలి. మనిషిని దింపేముందు మూత చాలాసేపు తెరిచి ఉంచు, నడుముకి తాడు కట్టు, పైన ఇద్దరు నిలబడాలి. మూసి ఉన్న సంపులో గాలి చెడి ప్రాణం పోతుంది, తొందరపడొద్దు. తర్వాత పై ట్యాంకు కూడా కడిగించు. మోటారు ఒక్కసారి వేసినా ఆ మురుగు పైకెక్కి ఉంటుంది. మొదటిసారి నింపిన నీళ్లు కుళాయిల్లోంచి వదిలేయండి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కాచిన నీళ్లే తాగండి.

మీటర్ల బోర్డు ఎంత పొడిగా కనిపించినా ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఎవరినీ ఫ్యూజు ముట్టుకోనివ్వకు. లిఫ్టు గుంతలో నీళ్లుంటే దాని జోలికీ వెళ్లొద్దు. జనరేటరు అద్దెకి తెస్తే సెల్లారులో పెట్టనివ్వకు, దాని పొగ నిద్రలోనే చంపేస్తుంది.

మునిగిన బళ్లు స్టార్టు అవుతాయేమోనని కుర్రాళ్లు సెల్ఫు కొడుతుంటారు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క నొక్కుతో అది పూర్తిగా పోతుంది. కడగకముందే నంబరు ప్లేటు కనిపించేలా, గోడ మీది బురద గీత కనిపించేలా ఫోటోలు తీయించి, ముందు ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పమను.

ఇదంతా ఒక ఎత్తు, మీ వాచ్‌మన్ కుటుంబం ఒక ఎత్తు. మెట్ల కింద వాళ్ల గది లింటెల్ దాకా మునిగిందన్నావు. ఆ గదికి డోర్ నంబరు లేదు, నష్టం ఎన్యూమరేషన్‌కి వచ్చినవాళ్లు తలుపు తట్టకుండానే వెళ్లిపోతారు. నువ్వే పక్కన నిలబడి, వాళ్ల ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని పేరు రాయించు. అద్దెకున్నవాళ్ల సంగతీ అంతే, ఓనరు హైదరాబాదులో ఉంటే బియ్యం డబ్బా మునిగింది ఇక్కడున్నవాళ్లది. వాచ్‌మన్ వాళ్లమ్మాయి టెన్త్ మెమో తడిసి ముద్దయిందన్నావుగా, దాన్ని ఎండలో వేయనివ్వకు, ఇస్త్రీ పెట్టనివ్వకు. కాయితాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటే లాగొద్దు. నీడలో ఫ్యాను కింద పరిచి, మధ్యలో పాత పేపర్లు పెట్టి, తడి పీల్చినవి పీల్చినట్టు మారుస్తూ ఉండమను. వాళ్లకి కొత్త పరుపు, పొయ్యి, గిన్నెలు అసోసియేషన్ డబ్బుతోనే కొను. చందాగా వద్దు, లెక్కల పుస్తకంలో మోటారు రిపేరు కింది వరుసలోనే రాయి.

కొందరు నీ మీద కేకలేస్తారు. దాదాపు మూడు వారాలుగా నిద్రలేని మనుషులు అరుస్తారమ్మా. బదులు చెప్పకు, ఆ పూట వాళ్ల చేతికో చీపురివ్వు. నువ్వు కూడా మధ్యాహ్నం ఒక గంట పడుకో. రబ్బరు బూట్లు లేకుండా ఆ బురదలో అడుగు పెట్టకు, కాలికి చిన్న గీత ఉన్నా జ్వరాలు పట్టుకుంటాయి.

ఆదివారం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నా. బ్లీచింగ్, నాలుగు వైపర్లు, మీ పెద్దమ్మ ఇచ్చిన దుప్పట్లు తెస్తాను. ఆ రాత్రికే మీటింగని బోర్డు మీద రాయి. టీచరుగారి సంగతి ఆ నాలుగో అంతస్తు వాళ్లకి నేనే చెప్పాలి.

మీ పెదనాన్న