పిల్లల చదువు: మన ఇల్లు, మన మస్జిద్

దైవప్రవక్త ముహమ్మద్ (స) పై హిరా గుహలో అవతరించిన తొలి దివ్యవాణి చదువును, కలాన్ని ప్రస్తావించింది. ఈ విషయం మనం జుమా ప్రసంగాల్లో, జల్సాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విని ‘సుబ్‌హానల్లాహ్’ అనుకుంటాం, ఇంటికి వస్తాం. ఇంట్లో మూడో తరగతి పిల్లవాడు తెలుగు వాచకం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఉంటాడు. వాడి పక్కన కూర్చునేవారు ఉండరు.

ఇది మన ఇళ్ళ సమస్య మాత్రమే కాదు. ‘అసర్’ అనే సర్వే వారు 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షిస్తున్నారు. మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు. దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల పిల్లల్లో 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం మంది మాత్రమే దాన్ని చదవగలిగారు. పెరుగుదల సంతోషకరమే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు.

మన పిల్లలకు మరో చిక్కు కూడా ఉంది. చాలా ఇళ్ళలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బడిలో తెలుగు, లేదా ఇంగ్లీషు. మక్తబ్‌లో అరబీ. అమ్మీ ‘పానీ’ అంటే టీచరు ‘నీళ్ళు’ అంటారు. ఒక లిపి కుడి నుంచి ఎడమకు, మరొకటి ఎడమ నుంచి కుడికి. (దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే ఇంటి భాష కాబట్టి వారికి ఈ బాధ కొంత తక్కువ.) ఇన్ని భాషలు పిల్లవాడికి భారం కానక్కర్లేదు, నిజానికి అవి ఆస్తి. కాని ఒక భాషలో చదివినదాన్ని మరో భాషలో అర్థం చేసుకోవడానికి ఎవరైనా తోడుండాలి. ఆ తోడు లేకపోతే అక్షరం నోటికి వస్తుంది, అర్థం మనసుకు చేరదు.

మన మక్తబ్‌ను ఒకసారి గమనించండి. నూరానీ ఖాయిదా పట్టుకున్న పిల్లలు వరుసగా కూర్చుంటారు. ఉస్తాద్ ఒక్కొక్కరినే పిలిచి నిన్నటి సబఖ్ వింటారు, తప్పు దిద్దుతారు, రేపటి సబఖ్ ఇస్తారు. నలభైమంది ఉన్న తరగతిలో టీచరుకు ఇలా ప్రతి పిల్లవాడి చదువూ వినే వీలు ఎక్కడుంది? మనకు తెలియకుండానే మన దగ్గర ఒక గొప్ప పద్ధతి ఉంది: రోజూ ఒక పెద్ద మనిషి ఒక బిడ్డ చదువును చెవి ఒగ్గి వినడం. దాన్ని మనం ఖాయిదాకే పరిమితం చేశాం. అదే చెవి తెలుగు పుస్తకానికి కూడా ఇవ్వాలి. ఖాయిదాలో ఉచ్చారణ సరిగ్గా ఉందా అని చూస్తాం. కథల పుస్తకం దగ్గర ‘ఏం జరిగింది?’ అని కూడా అడగాలి.

దైవప్రవక్త (స) ఈ విషయానికి ఎంత ప్రాముఖ్యం ఇచ్చారో బద్ర్ ఖైదీల సంఘటన చెబుతుంది. హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగిన ఆ యుద్ధంలో పట్టుబడిన మక్కావాసుల్లో కొందరి దగ్గర పరిహారం చెల్లించడానికి ధనం లేదు. అన్సార్ల పిల్లలకు రాయడం నేర్పడమే వారి పరిహారంగా ప్రవక్త (స) నిర్ణయించారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ ఉల్లేఖనంలో, మనం సాధారణంగా చెప్పుకోని ముక్క ఒకటి ఉంది. ఒక బాలుడు ఏడుస్తూ తండ్రి దగ్గరకు వచ్చాడు. ఏమైందని అడిగితే, చదువు చెప్పేవాడు కొట్టాడన్నాడు. బద్ర్ పగ నీ మీద తీర్చుకుంటున్నాడు, ఇక వాడి దగ్గరకు వెళ్ళవద్దని తండ్రి తేల్చి చెప్పాడు. అంటే పిల్లవాడు చదువుకుంటున్నాడా అనే కాదు, ఎలాంటి వాతావరణంలో చదువుతున్నాడని కూడా ఆ తండ్రి చూశాడు.

ఇక మన కాలపు ఉదాహరణ ఒకటి. జోర్డాన్‌లోని హాషిమైట్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం బోధించే రనా దజానీ అనే సోదరి 2006లో అమ్మాన్ నగరంలో తమ పేట మస్జిద్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివి వినిపించడం మొదలుపెట్టారు. పాఠాలు కాదు, పరీక్షలు కాదు. పుస్తకం తెరిచి, గొంతు మార్చి మార్చి, నవ్విస్తూ చదవడం. చివర్లో తలా ఒక పుస్తకం ఇంటికి ఇవ్వడం. అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడే అరబీ వేరు, పుస్తకాల్లో ఉండే అరబీ వేరు. మన పిల్లల పరిస్థితికి ఇది ఎంత దగ్గరో చూడండి. తర్వాత ఇతర స్త్రీలకు కూడా ఆమె శిక్షణ ఇచ్చారు. వారు తమ తమ పేటల్లో, శరణార్థుల మధ్య చదివి వినిపించారు. ఈ కార్యక్రమానికి 2017లో యునెస్కో వారి కింగ్ సెజాంగ్ అక్షరాస్యతా బహుమతి లభించింది. మొదటి రోజున కావలసింది మాత్రం ఒక మనిషి, కొన్ని పుస్తకాలు, మస్జిద్‌లో కాస్త చోటు.

“నాకే చదువు రాదు, నేనేం చదివిస్తాను?” అని అడిగే అమ్మలు మనలో చాలామంది. చదువు రానివారు కూడా వినగలరు. బొమ్మల పుస్తకం తెరిచి ‘ఈ ఏనుగు ఎక్కడికి పోతోంది?’ అని అడగవచ్చు. పిల్లవాడు తెలుగులో ఒక పేజీ చదివాక, ‘ఇప్పుడు నానీకి ఉర్దూలో చెప్పు బేటా’ అనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే మళ్ళీ ఆ పేజీకి వెళ్ళవచ్చు. పెద్ద ఆపా తమ్ముడికి చదివి వినిపిస్తే ఇద్దరికీ లాభమే. రాత్రి పదింటికి దుకాణం కట్టేసి వచ్చే అబ్బాలకు రోజూ కుదరదు, నిజమే. శుక్రవారం మధ్యాహ్నమైనా కూర్చోండి. మిగతా రోజుల్లో ఇషా తర్వాత పది నిమిషాలు ఇంట్లో ఎవరో ఒకరు.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. మా అమ్మాయి చదువుతుంటే ప్రతి ఒత్తు దగ్గరా ఆపి దిద్దేవాణ్ణి. వారం తిరిగేసరికి పుస్తకం బీరువా వెనక దొరికింది. ఆ తర్వాత నేను చదవడం, తను వినడం మొదలుపెట్టాం. నెల రోజులకు తనే పుస్తకం లాక్కుని చదవసాగింది. మరో మాట: ప్రతి కథ చివరా నీతి తీసి చెప్పవద్దు. కుందేలు కథను కుందేలు కథగానే ఉండనివ్వండి.

మస్జిద్ కమిటీలోని పెద్దలకు మనవి. ఆదివారం ఉదయం అరగంట, వరండాలో ఒక జంఖానా చాలు. బాగా చదివే ఒక యువకుణ్ణో, చెల్లెలినో ఎంచుకోండి. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) కు రాయడం నేర్పారని హదీసుల్లో ఉంది. స్త్రీలు ముందుకు రావడం మనకు కొత్త కాదు. పక్క వీధి హిందూ పిల్లలు వస్తే వారినీ కూర్చోబెట్టండి. ‘మస్జిద్‌లో కథలేమిటి?’ అని ఎవరైనా అభ్యంతరపెడితే గొడవ వద్దు, ఎవరింటి వసారాలోనైనా మొదలుపెట్టండి.

పుస్తకాలకు పెద్ద ఖర్చు లేదు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ వారు పిల్లల కోసం తెలుగు పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు, ఉర్దూ కథలు రెండూ ఉచితంగా దొరుకుతాయి. సెల్‌ఫోన్‌లో చూడటం కంటే ముద్రించి కుట్టించుకోవడం మేలు. ఇరవై పుస్తకాలు, ఒక నోటుబుక్కు చాలు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో ఆ నోటుబుక్కులో పిల్లల చేతనే రాయించండి. కొన్ని తిరిగి రావు, కొన్ని చిరిగి వస్తాయి. చిరిగినవాటిని అట్ట వేసి మళ్ళీ ఇవ్వండి.