సూక్ష్మ ఉద్యానానికి మొక్కల ఎంపిక: నీటి అవసరమే ప్రాతిపదిక

వెడల్పాటి తొట్టెలో అమర్చే సూక్ష్మ ఉద్యానంలో మొక్కలన్నీ ఒకే మట్టిని, ఒకే తేమను పంచుకుంటాయి. అందువల్ల ఎంపికలో ఆకుల రంగు, ఆకృతి కంటే నీటి అవసరానికే ప్రాధాన్యమివ్వాలి. ఎకివేరియా, హావర్థియా వంటి సక్యులెంట్ మొక్కలు ఆకులలో నీటిని నిల్వచేసుకొని, పత్రరంధ్రాలను ప్రధానంగా రాత్రివేళ తెరుస్తాయి. తద్వారా భాష్పోత్సేకం తగ్గుతుంది. ఫిట్టోనియా, ఫెర్న్ మొక్కలకు నిలకడైన తేమ, పరోక్ష కాంతి అవసరం. ఈ రెండు వర్గాలను కలిపి నాటినప్పుడు, ఫెర్న్‌కు సరిపడే తడి ఎకివేరియాలో వేరుకుళ్లుకు దారితీస్తుంది. ఎకివేరియాకు తగినట్లు మట్టిని ఆరనిస్తే ఫెర్న్ ఎండిపోతుంది. మొదటి వర్గానికి ముతక ఇసుక కలిపిన మట్టి, అడుగున రంధ్రాలున్న తొట్టె అనుకూలం. రెండవ వర్గానికి సేంద్రియ పదార్థం అధికంగా గల మిశ్రమం, గాజుపాత్ర అనువైనవి. మూతపెట్టిన గాజుపాత్రను నేరుగా ఎండలో ఉంచరాదు. శిక్షణ కార్యక్రమాలలో నాటడానికి ముందే మొక్కలను నీటి అవసరాన్నిబట్టి వర్గీకరింపజేయాలి.