రిథమ్ గిటారు – మాల్కమ్ యంగ్

రాక్ సంగీతం వినే మిత్రులను గిటారిస్టుల పేర్లు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అవన్నీ దాదాపు లీడ్ గిటారిస్టుల పేర్లే. పక్కనే నిలబడి పాట పొడవునా లయ నడిపే రిథమ్ గిటారిస్టు ఎవరంటే మాత్రం తల గోక్కుంటారు. అలాంటి ఒకాయన మాల్కమ్ యంగ్ గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

లీడ్ గిటారు విడి స్వరాలతో పాటకు అలంకారం చేస్తుంది. రిథమ్ గిటారు కొన్ని స్వరాలను ఒక్కసారిగా మీటుతూ, డ్రమ్ములతో, బేస్ గిటారుతో కలిసి పాటను నడిపిస్తుంది. అరకలో రెండెద్దులుంటాయి. ఒకటి తల ఎగరేస్తుంది, చూసేవాళ్లు దాన్నే మెచ్చుకుంటారు. చాలు వంకర పోకుండా కాపాడేది తల వంచి లాగే రెండోదని మా నాయన అంటారు. రిథమ్ గిటారు పని అదే.

మాల్కమ్ 1953 జనవరి 6న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1963లో ఆ కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్లి సిడ్నీలో స్థిరపడింది. చదువు మానేసి కొంతకాలం ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేశాడు. 1973లో తమ్ముడు ఆంగస్‌తో కలిసి బృందం పెట్టాడు. కుట్టుమిషను మీద ఉన్న అక్షరాలు చూసి వాళ్ల అక్క మార్గరెట్ సూచించిన పేరే ఏసీ/డీసీ.

సైన్సు విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. బాటరీ ఇచ్చేది డి.సి. మన పొలం మోటార్లకు వచ్చేది సెకనుకు 50 ఆవర్తనాల ఏ.సి. ఎలక్ట్రిక్ గిటారులో పుట్టేది కూడా ఏ.సి.యే. స్టీలు తీగ కంపించినప్పుడు దాని క్రింద ఉన్న పికప్‌లో అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు ప్రేరేపితమవుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది.

మాల్కమ్ తన గ్రెట్ష్ గిటారులో బ్రిడ్జి దగ్గరి పికప్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశాడు. తీగ చివరి దగ్గర పై హరాత్మకాలు బాగా వినిపిస్తాయి కనుక శబ్దం పదునుగా వస్తుంది. తీగలు మందమైనవి వాడేవాడు. మందపు తీగ అదే స్వరం పలకాలంటే బిగువు ఎక్కువ ఉండాలని లాబ్‌లో సోనామీటరు మీద మనం చూసినదే. అంత బిగువును గంటల తరబడి మీటాలంటే చేతిలో సత్తువ కావాలి. ఆంప్లిఫయరును మరీ హెచ్చించేవాడు కాదు. అందుకే ప్రతి స్వరం విడివిడిగా వినబడుతుంది.

1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అన్నదమ్ములు ఆ దుఃఖంలోనే మళ్లీ కూర్చుని పాటలు కట్టారు. కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో అదే ఏడాది వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బములలో ఒకటి.

ఆయన జీవితం మచ్చ లేనిదని చెప్పను. తాగుడు ముదిరి 1988లో పర్యటన మధ్యలో తప్పుకున్నాడు. అన్న కొడుకు స్టీవీ యంగ్ ఆ చోటు నింపాడు. మాల్కమ్ తాగుడు మాని తిరిగి వచ్చాడు.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. 2008లో మొదలైన పర్యటన నాటికే మతిమరుపు జబ్బు ఆరంభమైంది. ఏళ్ల తరబడి వాయించిన తన పాటలనే మళ్లీ మళ్లీ నేర్చుకుని వేదిక ఎక్కేవాడు. తాను కట్టినదాన్ని తానే మొదటినుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో ఊహించండి! 2014లో విరమించుకున్నాడు. 2017 నవంబరు 18న, 64 ఏళ్ల వయసులో సిడ్నీలో కన్నుమూశాడు. అన్నదమ్ములిద్దరూ దాచి ఉంచుకున్న బాణీలతో ఆంగస్ 2020లో ‘పవర్ అప్’ ఆల్బము తెచ్చాడు. అందులో ప్రతి పాటకూ మాల్కమ్ పేరుంది.

కాలేజీలో గిటారు పట్టే తమ్ముళ్లందరూ ముందు సోలోలకే ఎగబడుతున్నారు. ఒక్కసారి ఏసీ/డీసీ పాట పెట్టి, ఆంగస్‌ను వదిలేసి, వెనుక మోగే రెండో గిటారునే చివరిదాకా వినండి. పాటను మోస్తున్నది ఎవరో మీకే తెలుస్తుంది.