గెట్టు దాటిన నీళ్లు: వాగును కాపాడే సేద్యం ఒక్కరితో ఎందుకు కాదు?

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు సేద్యం చేసేవాళ్లకు ఈ పాఠం బాగా అక్కరకు వస్తుంది. వేరే జిల్లాలోళ్లు కూడా మీ ఊరి వాగును మనసులో పెట్టుకుని చదవండి.

పై వీడియోలో రెండు సీసాల ప్రయోగం చూపించాను. రెండు ప్లాస్టిక్ సీసాలను అడ్డంగా కోసి, రెండింట్లో ఒకే చెలక మట్టి నింపాలి. ఒకదాంట్లో మట్టిని అట్లనే వదిలేయాలి. రెండోదాని మీద గడ్డి, ఎండుటాకులు పరవాలి. రెండింటినీ కొంచెం వాలుగా పెట్టి చెరో లీటరు నీళ్లు పోయండి. మొదటి సీసా మూతి నుంచి ఎర్రటి బురద నీళ్లు వస్తాయి. రెండో దాంట్లోంచి నీళ్లు మెల్లగా, దాదాపు తేటగా వస్తాయి. మన పొలంలో ప్రతి వానకూ జరిగేది ఇదే. ఆ బురద ఎటు పోతుందో ఇప్పుడు చూద్దాం.

మన వాగు ఎక్కడికి పోతుంది?

1908 సెప్టెంబర్‌లో మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత వరదను ఆపడానికి, పట్నానికి తాగునీళ్లు ఇవ్వడానికి రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. షాబాద్ వైపు వాగులు ఈసీ దారి పడతాయి. మొయినాబాద్ అయితే రెండు సాగర్ల నడుమనే ఉంది. అంటే మన చెలకలే ఆ చెరువులకు పైకప్పు. కప్పు మీద ఏం పడితే అదే కింద తొట్టిలోకి దిగుతుంది.

"మన పొలంల యూరియా ఎక్కువైతే పట్నపోళ్లకేందిరా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగిండు. నేను చెప్పిన జవాబు ఇది: "కాకా, పట్నం సంగతి తర్వాత, ముందు మన బోరు సంగతి చూడు."

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే సుమారు 20.7 కిలోలు. మొక్క తీసుకోగా మిగిలింది నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచదు, అది నీళ్లతోపాటు కిందికి దిగిపోతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదని మన దేశ ప్రమాణం. ఒక కిలో నత్రజని పూర్తిగా నైట్రేట్ అయితే దాదాపు 4.4 కిలోలు అవుతుంది. అది దాదాపు 98 వేల లీటర్ల మంచి నీళ్లను ఆ హద్దు దాకా తేగలదు. బస్తాలో పదో వంతు జారిపోయినా రెండు లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. నీళ్లను కాచినా నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

భాస్వరం తీరు వేరు. అది మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. మట్టి కొట్టుకుపోతే దాంతోపాటు కుంటలోకి చేరి నాచును, గుర్రపుడెక్కను పెంచుతుంది. అందుకే నైట్రేట్‌కు మందు ఎరువు మోతాదు, భాస్వరానికి మందు మట్టి కట్టడి. రెండూ చేయాలి.

చట్టం ఒక్కటే ఉంటే ఏమైంది?

1996 మార్చిలో వచ్చిన 111 జీవో మనందరికీ తెలిసిందే. రెండు సాగర్ల పరివాహకంలో 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు పెట్టొద్దన్నారు. 2000లో సుప్రీంకోర్టు కూడా ఈ చెరువుల దగ్గర అలాంటి ఫ్యాక్టరీకి మినహాయింపు ఇవ్వడం తప్పని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు.

ఇందులో ఎవరి పక్షం అన్నది ఈ పాఠం కాదు. నాకు కనిపించేది ఒక్కటే. ఆ నిబంధన "ఇది చేయకు" అని చెప్పింది. "ఇట్ల చెయ్యి, ఖర్చులో కొంత మేం పెట్టుకుంటాం" అని రైతుకు ఎవరూ చెప్పలేదు. భూమి రేటు పెరగక రైతు బాధపడ్డడు, నీళ్లు తాగినోళ్లకు ఆ బాధ తెల్వలేదు. వద్దన్నప్పుడు ఊకున్నోడు, ఆ వద్దు తీసేయంగనే ప్లాట్లు చేసి అమ్ముకుంటడు. సేద్యంలో నాలుగు పైసలు మిగిలితేనే వాగు పక్కన పొలం పొలంగా ఉంటుంది.

కలిసి చేసిన చోట ఏమైంది?

న్యూయార్క్ నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం దూరాన క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తుంది. అక్కడ పాడి రైతులు ఎక్కువ. 1989లో అమెరికా ప్రభుత్వం ఉపరితల నీటిని వడకట్టి తీరాలని రూలు పెట్టింది. ఫిల్టర్ ప్లాంటుకు వందల కోట్ల డాలర్లు అవుతాయి. పైన నీళ్లు శుభ్రంగా ఉంటాయని చూపిస్తే మినహాయింపు దొరుకుతుంది. నగరం మొదట రైతుల మీద కఠిన నిబంధనలు పెట్టబోయింది, రైతులు ఎదురుతిరిగారు. అప్పుడు కూర్చొని మాట్లాడుకుని 1993లో రైతులే నడిపే వ్యవసాయ మండలి పెట్టుకున్నారు. చేరడం రైతు ఇష్టం, ఖర్చు నగరానిది, ఏ పొలానికి ఏం కావాలో రైతుతో కూర్చొని రాసే ప్రణాళిక. అయిదేళ్లలో 85 శాతం రైతులు చేరాలన్నది షరతు, ఆ లక్ష్యం అందుకున్నారు. పేడ నిల్వకు గుంతలు, వాగు ఒడ్డున కంచె, గడ్డి పట్టీ: చేసిన పనులు చాలావరకు ఇట్లాంటివే.

మన దగ్గరా ఉంది. పాల్వంచ దగ్గర పునుకుల ఊరు పత్తికి పురుగుమందుల అప్పుల్లో మునిగి, స్వచ్ఛంద సంస్థల తోడుతో మందులు మానేసింది. అక్కడ మహిళా సంఘాలు ముందు నిలిచాయి. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి 2006లో ఊరంతా సేంద్రియం అని చెప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తోంది. అక్కడ పాఠం చెప్పేది చేసి చూపించిన తోటి రైతే.

ఈ నాలుగింట్లో ఉన్న పోలిక: ఊరు కలిసి నిర్ణయించింది, పక్కన నిలబడే సంస్థ ఉంది, నేర్పేవాడు రైతు.

మన పొలంలో చేసే అయిదు పనులు

1. వాలుకు అడ్డంగా దున్నుడు, గెట్లు కట్టుడు. పొలం కింది కొసన చిన్న నీటి గుంత తీయండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్ల పైన నీళ్లు. గుంత నిండితే మట్టి అడుగున కూర్చుంటుంది. ఎండాకాలంలో ఆ ఒండ్రు తీసి మళ్లీ పొలంలో వేయండి.

2. వాగు ఒడ్డున గడ్డి పట్టీ. కనీసం 10 నుంచి 15 అడుగులు దున్నకుండా వదలండి. వట్టివేరు, పశుగ్రాసం పెట్టండి. నేల పోయిందనుకోకండి, ఆ గడ్డి బర్రెలకు మేత.

3. నేల ఖాళీగా ఉంచొద్దు. తొలకరికి ముందే జనుము, జీలుగ, పిల్లిపెసర లేదా నవధాన్యాలు చల్లండి. తొలి వానలకు నేల కప్పుకుని ఉంటే సగం పని అయినట్లే. పత్తిలో కంది వరసలు వేయండి.

4. ఎరువు విడతలుగా. భూసార పరీక్ష చూసుకుని, యూరియా ఒక్కసారే కాకుండా మూడు, నాలుగు సార్లు వేయండి. పెద్ద వాన సూచన ఉంటే ఆ రోజు ఆపండి. ఘన జీవామృతం వాడే కొద్దీ పంటను చూసుకుంటూ యూరియా తగ్గించుకోండి.

5. పేడ కుప్ప, స్ప్రే డబ్బా వాగుకు దూరం. సహజ సేద్యమని పేడ, గోమూత్రం వాగు పక్కన పెడితే అదీ కాలుష్యమే. కుప్పను ఎత్తు మీద పెట్టి, చుట్టూ కట్ట వేసి, వానకు తడవకుండా కప్పండి. పంపు కడిగిన నీళ్లు పొలంలోనే పారబోయండి. వాగులో, బోరు గట్టు మీద కడగొద్దు.

కలిసి మొదలుపెట్టేది ఎట్ల?

ఒకే వాగు మీద పై నుంచి కింది దాకా పొలాలున్న పది మందిని కూడగట్టండి. కులం, పార్టీ చూడకండి, నీళ్లకు అవి లేవు. పై రైతు చేయకపోతే కింది రైతు గడ్డి పట్టీ పెట్టినా బురద వస్తూనే ఉంటుంది. అందుకే పది మందిలో పై రైతును ముందు ఒప్పించాలి.

తర్వాత రైతు వేదికలో ఏఈఓను కూర్చోబెట్టి ఏ పథకంలో ఏం దొరుకుతుందో రాయించుకోండి. కందకాలు, నీటి గుంతలు ఉపాధి పనుల్లో అడగండి. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ సేద్య మిషన్ కూడా క్లస్టర్లుగా, అంటే గుంపులుగా చేరే రైతుల కోసమే. హయత్‌నగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రం శిక్షణ గురించి అడగండి.

మూడోది కొనేవాళ్లు. నేను కూరగాయల బాక్సులు పట్నంలో అపార్ట్‌మెంట్లకు ఇస్తాను. మందు కొట్టారా అని అందరూ అడుగుతారు, వాగుకు ఏం చేశారని ఒక్కరూ అడగరు. అందుకే బాక్సులో గడ్డి పట్టీ ఫొటోతో చిన్న చీటీ పెడుతున్నాను. గండిపేట నీళ్ల మీద బతికిన ఊరికి ఆ చీటీ అర్థమవుతుంది. కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చేవాళ్లు దొరికితే, ఆ రెండు రూపాయలు గుంపు ఖాతాలో వేసి గెట్ల పనికే వాడుకోవాలి.

నాలుగోది కొలత. వానకాలం ముందు, మధ్యలో, తర్వాత వాగులో పైన ఒకటి, కింద ఒకటి సీసా నీళ్లు పట్టండి. నైట్రేట్ పట్టీతో రంగు చూసి నోటుబుక్కులో తారీఖుతో రాయండి. మీ బోరు నీళ్లు కూడా చూడండి. రేపు ఆఫీసులో గానీ, అపార్ట్‌మెంట్ వాళ్ల ముందు గానీ మాట్లాడాలంటే ఆ నోటుబుక్కే మీ బలం.

వచ్చే వీడియోలో గడ్డి పట్టీకి వట్టివేరు పిలకలు ఎట్ల విడదీయాలో, ఎంత దూరంలో నాటాలో చూపిస్తాను. ఆ లోపల ఒక పని చేయండి. ఈసారి గట్టి వాన పడ్డప్పుడు మీ పొలం కింది కొసన నిలబడి, బయటికి పోయే నీళ్ల రంగు చూడండి. ఎర్రగా ఉంటే పక్క పొలం అన్నకు ఫోన్ చేయండి. పది మందిలో మొదటి ఇద్దరు మీరే.