పూతరేకంత పూత

ముక్తేశ్వరం రేవులో పంటు దిగి అమలాపురం వైపు వెళ్ళే దారిలో, ఒక రేకుల షెడ్డులో నలభై ఏళ్ళకు పైగా కార్లకు రంగులు వేశాను. ఇప్పుడు స్ప్రే గన్ను మా అబ్బాయి పడుతున్నాడు. నేను కుర్చీ వేసుకుని చూస్తూ, అవసరమైన చోట చెబుతూ ఉంటాను.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒకే రకం దెబ్బతో మూడు కార్లు వచ్చాయి. ఎక్కడా గుద్దుకున్నవి కావు. ఇంట్లోవాళ్ళే ప్రేమకొద్దీ రుద్ది రుద్ది పాడుచేసుకున్నవి. అందులో ఒక నల్ల కారు నా మనసును పట్టేసింది. హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన కుర్రాడు, నాన్నగారి కారుకు కొత్త మెరుపు తేవాలని రబ్బింగ్ కాంపౌండ్ కొని, పాత బనీను గుడ్డతో రెండు రోజులు బానెట్ రుద్దాడు. "గీతలు పోతాయనుకుంటే రంగే పోయిందండి మేస్త్రిగారూ" అంటుంటే అతని గొంతు వణికింది. ఆ రోజు అతన్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలతో మొదలైనవే ఇవి.

1. ఉన్నది పూతరేకంత పొర

మన ఆత్రేయపురం పూతరేకును వేళ్ళతో ఎంత సున్నితంగా పట్టుకుంటామో అందరికీ తెలుసు. కారు మీద పూత కూడా అలాంటిదే. రేకు మీద తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో ముంచి పట్టించే పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ పూత. ఈ నాలుగూ కలిపినా చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే రాసుకునే కాగితం మందం, లేదా అంతకు కాస్త ఎక్కువ. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కూడా చాలావరకు అంతకంటే లావే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడే మందు ఆ క్లియర్‌లోనే ఉంటుంది. అది పలచబడితే రంగు ఇవాళ బాగానే కనబడినా, నాలుగు వేసవులు తిరిగేసరికి వెలిసిపోతుంది.

2. కాంపౌండ్ గుంత పూడ్చదు, చేనంతా తవ్వుతుంది

చేలో గుంత పూడ్చాలంటే బయటి నుంచి మట్టి తేవాలి. కాంపౌండ్ మట్టి తెచ్చేది కాదు. గీత ఎంత లోతుందో చుట్టూ ఉన్న క్లియర్‌నంతా అంత లోతుకు అరగదీసి చదును చేస్తుంది. పాలిష్ పనంతా ఇదే. అందుకే గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు పట్టుకుందంటే ఆ గీత పాలిష్‌తో పోయేది కాదు. దాన్ని పూర్తిగా పోగొట్టాలని పట్టుబడితే గీతతోపాటు క్లియరూ పోతుంది. కొంచెం కనబడే గీతతో బతకడం నేర్చుకుంటే కారుకు ఆయుష్షు.

3. అంబాసిడర్ అలవాటుతో ఇప్పటి కారును ముట్టుకోవద్దు

నేను పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు. వాటికి డ్యూకో రంగు వేసేవాళ్ళం. పైనుంచి కిందిదాకా ఒకటే రంగు, దాని మీద క్లియర్ ఉండేది కాదు. పూత మీద పూత వేసి, వాటర్ పేపర్ పట్టి, కాంపౌండ్‌తో చేతులు నొప్పెట్టేదాకా రుద్దితేనే మెరుపు. గుడ్డకు రంగు అంటడం ఆనాడు మామూలు విషయం. ఇప్పటి క్లియర్ ఉన్న కారుకు పాలిష్ పెడితే గుడ్డకు తెల్లటి మడ్డే అంటాలి. కారు రంగు అంటిందంటే క్లియర్ దాటి రంగులోకి దిగిపోయారన్నమాట. ఆ క్షణమే చెయ్యి ఆపండి. మెటాలిక్ రంగుల కార్లు మా షెడ్డుకు రావడం మొదలైన కొత్తలో పాత అలవాటు కొద్దీ నేనూ ఒక తలుపు అలాగే పాడుచేశాను. నా ఖర్చుతో తిరిగి వేసి ఇచ్చాను. ఆ డబ్బు నాకు చదువుకు కట్టిన ఫీజు.

4. వేలికొనలు కోస్తాయి, అంచులు తెగుతాయి

చేత్తో రుద్దితే మిషన్ అంత ప్రమాదం ఉండదని చాలామంది ధైర్యం. బఫింగ్ మిషన్ తొందరగా కాలుస్తుంది, నిజమే. కానీ చేతికి ఇంకో దోషం ఉంది. బలమంతా నాలుగు వేలికొనల మీద పడుతుంది. నున్నటి బానెట్ మీద నాలుగు చాళ్ళు తోలినట్టు మసక గీతలు పడతాయి. గుడ్డ మడత కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా చాలు. బానెట్ మీది ఎత్తు గీతల దగ్గర, తలుపు అంచుల దగ్గర, హ్యాండిల్ చుట్టూ పూత పలచగా ఉంటుంది. ఒత్తిడి ఎక్కువ పడేదీ అక్కడే. నల్ల కారుకు మొట్టమొదట తెగింది బానెట్ మధ్య ఎత్తు గీతే. పాలిష్ ముట్టుకునే ముందు అంచులన్నిటికీ మాస్కింగ్ టేప్ అంటించడం మా షెడ్డులో తప్పనిసరి.

5. నీళ్ళు ముందు, గుడ్డ వెనక

మన కోనసీమ కారుకు సగం గీతలు తుడవడంలోనే పడతాయి. కోటిపల్లి నుంచి పంటు మీద దాటి వచ్చిన కారు మీద గోదారి ఇసుక ఉంటుంది. ఇసుక క్లియర్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. పొడి గుడ్డతో దులిపితే గరుకు కాగితంతో రుద్దినట్టే. 1986 ఆగస్టు వరద తీశాక ఒండ్రు ఎండిన బళ్ళు చూశాను. పారతో నేల చెక్కినట్టు గోనెపట్టాతో తుడిచేశారు. వాటికి వరద చేసిన నష్టం కంటే తుడుపు చేసిన నష్టమే ఎక్కువ.

కొత్త కారుకు అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయిస్తాం. మంచిదే. కానీ బానెట్ మీద పెట్టిన పసుపు, కుంకుమ ఎండిపోయాక కొబ్బరి పీచుతోనో అంట్లు తోమే స్క్రబ్బరుతోనో రుద్దకండి. తడిగుడ్డ పావుగంట కప్పి ఉంచితే మెత్తబడుతుంది. మిగిలిన పసుపు చాయ ఎండకు తనంతట తానే పోతుంది.

6. వైద్యానికి ముందు నాడి చూడాలి

పాడైన కారు రాగానే మేము చేసే మొదటి పని కడగడం. తరవాత నీడలో ట్యూబులైటు కింద పెట్టి వాలుగా చూస్తాం. మసక ఉన్న చోట నీళ్ళు చల్లుతాం. తడిలో మసక మాయమై, ఆరగానే తిరిగి కనబడి, పూత నిగనిగ చుట్టూ ఒకేలా ఉంటే క్లియర్ ఇంకా మిగిలుందని ఆశ. మసకకు చుట్టూ లంక ఒడ్డులాగా స్పష్టమైన అంచు కనబడితే అక్కడ క్లియర్ తెగింది. బూడిదరంగు ప్రైమర్ కనబడితే రంగూ పోయింది. ఈ మూడింటికీ మూడు వైద్యాలు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే రోగం ముదురుతుంది.

7. క్లియర్ మిగిలుంటే ఓపికే మందు

కాంపౌండ్ డబ్బా మూసెయ్యండి. సన్నరకం పాలిష్ చాలు. గుడ్డను వేళ్ళకు చుట్టుకోకుండా మెత్తటి ఫోమ్ ప్యాడ్ అరచేతి కింద పెట్టండి. అప్పుడు ఒత్తిడి సమంగా పరుచుకుంటుంది. రేకు చల్లగా ఉండాలి. మండుటెండలో పాలిష్ ఆరి పొడై అదే గీతలు పెడుతుంది. అడుగున్నర చదరం చొప్పున, శనగగింజంత పాలిష్ వేసి, చెయ్యి బరువు మాత్రమే ఆనించి నాలుగైదుసార్లు తిప్పి, తుడిచి చూడండి. సగానికి పైగా మసక పోయిందా, అక్కడితో ఆపండి. ఇంకొంచెం, ఇంకొంచెం అనే ఆశ దగ్గరే కార్లు పోతున్నాయి.

8. క్లియర్ తెగితే ముక్కకు అతుకు వెయ్యకండి

పోయిన క్లియర్‌ను ఏ పాలిషూ, ఏ వ్యాక్సూ తిరిగి తేలేవు. వ్యాక్స్ రెండు వారాలు కళ్ళు కప్పుతుంది, అంతే. పాడైనంత మేర మాత్రమే క్లియర్ కొట్టి అంచు కలిపేస్తామనేవాళ్ళ మాట నమ్మకండి. ఆ అతుకు అంచు ఎండకు లేచి పొట్టు రాలుతుంది. బానెట్ పాడైతే బానెట్ మొత్తం, తలుపైతే తలుపు మొత్తం, అంచు నుంచి అంచుకు క్లియర్ పడాలి. ముందు 800, తరవాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో నిగనిగ తీసి, రంగు తెగిన చోట రంగు కలిపి, క్లియర్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలిపి రెండు కోట్లు. కోటుకూ కోటుకూ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగాలి.

మన గాలిలో తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజు గన్ను పట్టవద్దు. తేమ తగిలిన పూత పాలలాగా తెల్లబారుతుంది. రేకే బయటపడితే మాత్రం ఆ రాత్రి గడవనివ్వకూడదు. సముద్రపు గాలికి తెల్లారేసరికి తుప్పు మొలుస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వెయ్యాలి. పని అయ్యాక నెల రోజులు వ్యాక్స్ వద్దు, మంచినీళ్ళే చాలు. పూత లోపల ఊపిరి పీల్చుకుని గట్టిపడాలి.

9. ముక్కుకు కట్టుకునే గుడ్డ ముసుగు కాదు

ఇది నా తోటివాళ్ళకు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పట్టి జీవితాంతం వదలని ఉబ్బసం తేగలవు. మా తరం తువ్వాలు కట్టుకుని పనిచేసింది. నాతో పనిచేసినవాళ్ళలో దగ్గుతోనే పని మానేసినవాళ్ళున్నారు. కార్ట్రిడ్జి మాస్కు, గాలి ఆడే షెడ్డు లేకుండా గన్ను తీయవద్దని మా అబ్బాయికి చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

10. కారు అప్పగించేటప్పుడు నిజం చెప్పండి

మా గురువుగారు ఒక పెళ్ళి అంబాసిడర్‌కు నేను చేసిన తప్పును రాత్రంతా కూర్చుని సరిదిద్దారు. పొద్దున యజమాని కంటికి ఏమీ కనబడలేదు. అయినా గురువుగారు అతని చెయ్యి పట్టి చూపించి, "ఇక్కడ మావాడు అంచు తెగ్గొట్టాడండి, మళ్ళీ వేశాం" అని చెప్పారు. ఆ యజమాని తన మూడు బళ్ళూ చివరిదాకా మాకే ఇచ్చాడు.

నల్ల కారు బానెట్‌కు మొత్తంగా క్లియర్ వేశాం. తలుపుల మీద మసక మాత్రమే కనుక సన్న పాలిష్‌తో సరిపెట్టాం. తలుపు కింది అంచున లోతైన గీత ఒకటి అలాగే వదిలేశాం. "దాన్ని ముట్టుకోకు బాబూ, దాని కింద ఇంకేం లేదు" అని ఆ కుర్రాడి వేలితో తడిమించి చూపించాను.

కారును ప్రేమించేవాళ్ళందరికీ నా మనవి ఒక్కటే. రుద్దే ముందు కడగండి, కడిగాక చూడండి, చూశాక ఎంత తక్కువ చేస్తే సరిపోతుందో అంతే చెయ్యండి. పూత మీద మిగిలినదే ఆస్తి. అరిగిపోయినది తిరిగి రాదు.